పోలీసుకీ ఫైరుకీ ఒకే బిల్డింగు

ఫైర్ చీఫ్ మా ఇంటికి రెండోసారి వచ్చినప్పుడు ఆయన చంకలో ఒక కాగితపు చుట్ట ఉంది. మొదటిసారి వచ్చినప్పుడు మా వంటింటి నేల మీద మోకాళ్ళ మీద కూర్చుని, మా ఆయన గుండె మీద రెండు చేతులూ పెట్టి నొక్కుతూ ఉన్నారు. ఆ రెండు రాకలకీ మధ్య ఎనిమిది నెలలు గడిచాయి. ఆ ఎనిమిది నెలలు ఎలా గడిచాయని అడిగితే చెప్పడానికి నా దగ్గర పెద్దగా ఏమీ లేదు.

ఆయన వెనకాలే మా పక్కింటావిడ కూడా వచ్చింది. స్కూల్లో లైబ్రేరియన్. మా అమ్మాయిని బస్సు దాకా నడిపించి తీసుకెళ్ళేది, నేను అడక్కుండానే. ఇద్దరూ బూట్లు గుమ్మం దగ్గర విడిచి, మేజోళ్ళతో వంటింట్లోకి వచ్చి కూర్చున్నారు. చీఫ్ ఆ చుట్ట విప్పి బల్ల మీద పరిచారు. అది మాటిమాటికీ చుట్టుకుపోతుంటే పక్కింటావిడ ఒక మూల ఉప్పు డబ్బా, ఒక మూల కారం డబ్బా, మిగతా రెండు మూలలా కాఫీ కప్పులు పెట్టింది.

"ఇదమ్మా మేం కట్టాలనుకుంటున్నది," అన్నారు చీఫ్. "ఎడమవైపు పోలీసులు. కుడివైపు మేము. మధ్యలో ఈ చిన్న గది చూశారూ? ఇక్కడ టెలిఫోన్లు. ఊళ్ళో ఎవరికి ఏ కష్టం వచ్చినా ఒకటే నంబరు."

నేను ఆ బొమ్మ వంక చూశాను. పెన్సిలుతో గీసిన చెట్లు కూడా ఉన్నాయి. బాగుంది అన్నాను. ఆ రోజుల్లో ఎవరేం చూపించినా బాగుందనేదాన్ని, ఎవరేం అడిగినా సరే అనేదాన్ని. వాక్యూమ్ క్లీనర్ అమ్మేవాడు తలుపు కొడితే సరే అన్నాను. నెల తిరక్కుండా ఇంకొకడు వస్తే వాడికీ సరే అన్నాను. ఒకరోజు మా అమ్మాయి స్కూలు నుంచి వచ్చి, "అమ్మా, శాండ్‌విచ్‌లో ఏమీ లేదు," అంది. రెండు బ్రెడ్డు ముక్కలు ఒకదాని మీద ఒకటి పెట్టి, కాగితంలో చుట్టి, డబ్బాలో పెట్టి పంపానట. దానికి తొమ్మిదేళ్ళు. ఫిర్యాదు చేస్తున్నట్టు కాదు, తెలియజేస్తున్నట్టు చెప్పింది.

మాది షికాగోకి పడమటగా గంటన్నర దూరంలో ఉన్న చిన్న ఊరు. అక్కడి పంపుల ఫ్యాక్టరీలో మా ఆయనకి డ్రాఫ్ట్స్‌మన్ ఉద్యోగం. ఊరి మధ్యనుంచి గూడ్సు రైళ్ళు పోయే పట్టాలు. మా ఇల్లు ఇవతల. ఫైర్ స్టేషన్ అవతల. స్టేషనంటే రెండు ఇంజన్లూ ఒక అంబులెన్సూ పట్టే షెడ్డు, అంతే. జీతానికి పనిచేసేవాళ్ళు లేరు. ఎక్కడైనా నిప్పంటుకుంటే స్తంభం మీది సైరన్ మోగేది. అది విని బస్సు డ్రైవరూ, మంగలి షాపతనూ, ఇద్దరు ముగ్గురు రైతులూ చేస్తున్న పని వదిలేసి షెడ్డుకి పరిగెత్తేవాళ్ళు. చీఫ్‌గారిదీ అంతే, మిగతా రోజంతా హార్డ్‌వేర్ షాపు నడుపుకునేవారు. పోలీసులు వేరు. వాళ్ళు టౌన్‌హాలు కింద బేస్‌మెంట్‌లో ఉండేవాళ్ళు. వాళ్ళ నంబరు వేరు, ఫైరువాళ్ళ నంబరు వేరు. ఇప్పుడు చిన్నపిల్లలకి కూడా తెలిసిన ఆ మూడంకెల నంబరు, 911, అప్పటికి మా ఊరికి రాలేదు.

చీఫ్ కాఫీ తాగి, కప్పు మళ్ళీ ఆ మూల మీదే పెట్టారు. "వచ్చే నెల హైస్కూలు జిమ్‌లో ఊరందరి మీటింగు. తర్వాత ఓటింగు. పన్ను కాస్త పెరుగుతుంది కాబట్టి వద్దనేవాళ్ళు చాలామందే ఉన్నారు," అని ఆగారు.

మిగతాది పక్కింటావిడ చెప్పింది. "నువ్వు లేచి రెండు ముక్కలు మాట్లాడితే చాలు. ఆ రోజు ఏం జరిగిందో. ఇష్టం లేకపోతే వద్దు."

సరే అన్నాను.

ఆ రోజు ఏం జరిగిందో ఇక్కడ కూడా చెప్పాలి. జనవరి. ఆ ఏడు మంచు ఆగకుండా పడుతోంది. స్కూలు బస్సు ఆలస్యంగా వస్తుందని రేడియోలో చెప్పారు. మా ఆయన కోటు వేసుకుని బయటికెళ్ళి, కారు తీయడానికి దారి చేస్తూ గంటసేపు మంచు ఎత్తిపోశారు. బస్సొచ్చింది, అమ్మాయి ఎక్కింది. ఆయన లోపలికొచ్చి వంటింటి కుర్చీలో కూర్చుని ఒక బూటు విప్పి, "కొంచెం కాఫీ పెట్టు," అన్నారు. నేను వెనక్కి తిరిగి గిన్నెలో నీళ్ళు పోస్తుంటే కుర్చీ జరిగిన చప్పుడయింది. తిరిగి చూస్తే నేల మీద ఉన్నారు. ఒక కాలికి బూటుంది, ఒక కాలికి లేదు.

"ఏమండీ" అని పిలిచాను. భుజం పట్టుకుని కుదిపాను. తర్వాత ఫోను దగ్గరికి పరిగెత్తాను. ఫోనుకి పోలీసు నంబరూ ఫైరు నంబరూ అచ్చేసిన చీటీ అంటించి ఉంది. నా కళ్ళెదురుగా ఉంది. అయినా నా వేళ్ళు షికాగో పక్కన షామ్‌బర్గ్‌లో ఉన్న డాక్టరక్క నంబరు తిప్పాయి. మేం తెలుగు క్రైస్తవులం. నెలకోసారి ఎవరో ఒకరి ఇంట్లో పది పన్నెండు కుటుంబాలు ప్రార్థనకి కూడేవాళ్ళం. డాక్టరక్క మాలో పెద్దావిడ. ఫోను వాళ్ళాయన ఎత్తారు. "అక్కని పిలవండి, అన్నయ్యగారూ, మా ఆయన పడిపోయారు," అన్నాను. ఆయన ఫోను పక్కన పెట్టి వెళ్ళారు. ఆవిడ స్నానం చేస్తోంది. ఆయన మెట్లెక్కుతున్న చప్పుడూ, తలుపు కొడుతున్న చప్పుడూ వినిపించాయి. ఎక్కడో కుళాయి పారుతోంది. నేను ఆ కుళాయి చప్పుడు వింటూ నిలబడ్డాను. తీగ సాగినంత దూరం సాగదీసి మా ఆయన వంక చూస్తూ నిలబడ్డాను. ఆవిడ వచ్చి నా మాట సగం కూడా వినకుండా, "పిచ్చిదానా, ముందు ఈ ఫోను పెట్టెయ్! అంబులెన్సుకి చెయ్!" అని అరిచింది.

అప్పుడు చీటీ చూసి చేశాను. చేసింది పోలీసు నంబరుకి. అవతలివాడు నా మాట రెండుసార్లు అడిగి, ఫైరువాళ్ళకి చెబుతానన్నాడు. కాసేపటికి పట్టాల అవతల సైరన్ మోగింది. అది నా కోసమేనని నాకు తట్టలేదు. ఎవరి కొంపో అంటుకుంది పాపం అనుకున్నాను. తర్వాత గూడ్సు బండి ఒకటి వచ్చి అడ్డం పడింది. చీఫ్ అంబులెన్సు కంటే ముందు తన పికప్‌లో వచ్చారు, షాపు ఏప్రన్‌తోనే.

మొదటి ఫోను సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. దాచాలని కాదు. ఎవరూ అడగలేదు.

మీటింగుకి వారం ముందు పక్కింటావిడ ఒక కాగితం మీద నేను చదవాల్సింది టైపు చేసి తెచ్చింది. ఫోను చేసిన దగ్గర్నుంచి మొదలవుతుంది. పోలీసులు, అక్కణ్ణుంచి ఫైరు, అక్కణ్ణుంచి సైరన్, రైలు. ఆఖరున "సాయం త్వరగా వచ్చి ఉంటే నా భర్త ఈరోజు మన మధ్య ఉండేవారు" అని ఉంది. నాచేత నాలుగైదుసార్లు చదివించింది. వాలంటీర్ అన్న మాట నేను వేరేగా పలుకుతున్నానని, పై పళ్ళతో కింది పెదవి ఎలా నొక్కాలో తన నోరు చూపించి నేర్పింది. నేను నేర్చుకున్నాను. మా అమ్మాయి పక్కన కూర్చుని హోంవర్కు చేసుకుంటూ నాకంటే ముందే ఆ మాటలన్నీ కంఠతా పట్టేసింది.

డాక్టరక్క ఫోను చేసినప్పుడు చెప్పాను, ఇలా మీటింగులో మాట్లాడమంటున్నారని. "నీకు ఇష్టమేనా?" అంది. ఇష్టమో కాదో నాకు తెలియదన్నాను. "ప్రార్థన చేసుకో," అంది. నేను ప్రార్థన మానేసి చాలా రోజులైందని ఆవిడకి చెప్పలేదు. మానెయ్యాలని మానలేదు. కళ్ళు మూసుకుంటే ఏమీ వచ్చేది కాదు, తెరిచేదాన్ని.

మీటింగు సాయంత్రం ఏడింటికి. జిమ్ నేల పాడవకుండా టార్పాలిన్లు పరిచి, వాటిమీద మడత కుర్చీలు వేశారు. ఊరంతా వచ్చినట్టుంది. బిల్డింగు బొమ్మని బాస్కెట్‌బాల్ చట్రం కింద నిలబెట్టారు. ముందు చీఫ్ మాట్లాడారు. ఆయనకి మాట్లాడటం రాదు. ఆ బొమ్మని కర్రతో చూపిస్తూ, షాపులో మేకుల రకాలు చెప్పినట్టు చెప్పుకుపోయారు. తర్వాత వద్దనేవాళ్ళ తరఫున ఒక ముసలి రైతు లేచాడు. వ్యవసాయం కొడుక్కి అప్పగించేసిన మనిషి. "పోలీసులకి గది ఉంది. ఫైరుకి షెడ్డు ఉంది. షెడ్డు కప్పు కారుతుంటే కప్పు బాగుచేద్దాం, దానికి నేనే వచ్చి నిచ్చెన ఎక్కుతాను. ఇంత పెద్ద ఇటుకల మేడ మనలాంటి ఊరికి ఎందుకు?" అన్నాడు. చాలామంది చప్పట్లు కొట్టారు. నాక్కూడా ఆయన చెప్పింది సబబుగానే అనిపించింది.

తర్వాత నన్ను పిలిచారు. మైకు నా ఎత్తుకి దించారు. కాగితం చదివాను. వాలంటీర్ సరిగ్గానే పలికాను. చదువుతుంటే అది ఇంకెవరో ఆవిడ కథలాగా ఉంది. ఆవిడ ఎవరో, ఎంత కష్టపడిందో అనుకున్నాను. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ముందు వరసలో పక్కింటావిడ కళ్ళు తుడుచుకుంటోంది. ఆవిడ పక్కన మా అమ్మాయి కాళ్ళు ఊపకుండా కూర్చుంది.

నేను వెనక్కి తిరగబోతుంటే ఆ ముసలి రైతు మళ్ళీ లేచాడు. టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"మిమ్మల్ని బాధపెట్టాలని కాదమ్మా. ఒక్క మాట అడుగుతాను. మీ ఆయన పడిపోయిన దగ్గర్నుంచి మీరు ఫోను చేసేదాకా ఎంతసేపు పట్టింది?"

"ఆవిడ దానికి జవాబు చెప్పక్కర్లేదు," అంది పక్కింటావిడ కూర్చున్న చోటునుంచే, గట్టిగా.

నేను కాగితం వంక చూశాను. అందులో దానికి జవాబు లేదు.

"నేను ముందు వేరేవాళ్ళకి చేశాను," అన్నాను. "షామ్‌బర్గ్‌లో మాకు తెలిసిన డాక్టరుకి. ఆవిడ స్నానం చేస్తోంది. ఆవిడ వచ్చేదాకా ఫోను పట్టుకుని ఉన్నాను. ఏడు నిమిషాలో, ఎనిమిదో. ఆ తర్వాత పోలీసులకి చేశాను."

నిజం చెప్పి తీరాలన్న పట్టుదల ఏమీ లేదు నాలో. ఆయన అడిగాడు, నేను చెప్పాను. వాక్యూమ్ క్లీనరతను అడిగితే సరే అన్నట్టే. ముసలాయన మొహం చూస్తే, ఎందుకడిగానా అనుకుంటున్నాడని తెలుస్తోంది. "సరేనమ్మా," అని నెమ్మదిగా కూర్చున్నాడు. చీఫ్ వచ్చి నా మోచెయ్యి పట్టుకుని కుర్చీ దాకా తీసుకొచ్చారు.

కారులో ఇంటికి వస్తుంటే మా అమ్మాయి చాలాసేపు కిటికీలోంచి చూస్తూ ఉంది. తర్వాత అడిగింది.

"అమ్మా, డాక్టర్ ఆంటీకి ఫస్ట్ ఎందుకు కాల్ చేశావ్?"

"ఆంటీ అయితే తెలుగులో మాట్లాడుతుంది కదా అని."

"నేనుంటే ఇంగ్లీష్‌లో చెప్పేదాన్ని, పోలీస్‌కి."

"నువ్వు స్కూల్లో ఉన్నావు కదమ్మా."

"స్కూల్లో లేను. బస్‌లో ఉన్నాను. అప్పుడే ఎక్కాను."

ఆ మాటకి నాలో ఏదో కదలాలి. కారు పక్కకి తీసి ఆపాలి, దాన్ని దగ్గరికి తీసుకోవాలి. ఇప్పుడు తలుచుకుంటే అలా అనిపిస్తుంది. అప్పుడు నేను లైటు పచ్చగా అయ్యేదాకా ఆగి, అయ్యాక పోనిచ్చాను. రేడియో పెట్టమంది. పెట్టాను.

ఓటింగులో ఆ బిల్డింగు ఓడిపోయింది. పెద్ద తేడాతో కాదని పేపర్లో రాశారు. నేను చెప్పినదాని వల్లే ఓడిందో, ఎలాగూ ఓడిపోయేదో ఎవరికి తెలుసు. పక్కింటావిడ పోస్టు డబ్బా దగ్గర కనిపించి, "మేం ఏడాదంతా పనిచేశాం దీని కోసం," అంది. తిట్టినట్టు కాదు. అలసిపోయినదానిలా అంది. నేను సారీ అన్నాను. "నాకు ముందే చెప్పి ఉండాల్సింది," అంది. అదీ నిజమే. ఆ వారం నేనెప్పుడో పులిహోర పెట్టి పంపిన గిన్నె శుభ్రంగా తోమి మా గుమ్మం ముందు పెట్టి ఉంది. బెల్లు కొట్టలేదు. మా అమ్మాయిని బస్సు దాకా తీసుకెళ్ళడం మాత్రం మానలేదు. పిల్లతో నవ్వుతూ మాట్లాడేది. నన్ను చూస్తే తలాడించేది.

ఎనభైల్లోకి వచ్చాం. కమ్యూనిటీ కాలేజీలో టైపింగు నేర్చుకున్నాను. టౌన్‌హాల్లో ఉద్యోగం దొరికింది, నీళ్ళ బిల్లులు టైపు చేసే పని. ఇండియా వెళ్ళిపొమ్మని కొందరన్నారు, ఉండమని కొందరన్నారు. అందరికీ సరే అన్నాను, ఉండిపోయాను. పొద్దున్న లేవడం, టిఫిన్ డబ్బా కట్టడం, బిల్లులు, సాయంత్రం వంట. ఆదివారం ప్రార్థనకి వెళ్తే అందరూ పాడుతుంటే పెదవులు కదిపేదాన్ని.

అలా ఉండగా ఒక ఏప్రిల్లో వానలు పడి, వాగు పొంగి, టౌన్‌హాలు బేస్‌మెంట్‌లోకి నీళ్ళొచ్చాయి. పోలీసులు మోకాలి లోతు నీళ్ళలో నిలబడి ఫోన్లు మాట్లాడుతున్న ఫోటో పేపర్లో పడింది. నవ్వనివాళ్ళు లేరు. నీళ్ళు తోడేశాక, తడిసిపోయిన రికార్డులన్నీ పైకి తెచ్చి మీటింగు హాల్లో తాళ్ళు కట్టి ఆరేశారు. పెడస్టల్ ఫ్యాన్లు పెట్టారు. హాలంతా బట్టలారేసిన పెరడులా తయారైంది. ఆరినవాటిని చూసి మళ్ళీ టైపు చేసే పని నాకిచ్చారు.

ఆ పనిలో మూడో వారమో నాలుగో వారమో, ఒక పుస్తకంలోంచి ఆ జనవరి కాగితం వచ్చింది. ఫోను వచ్చిన టైమూ, ఏమిటి విషయమూ, ఏం చేశారూ అని మూడు గళ్ళు. సిరా కాస్త చెదిరింది గానీ చదవొచ్చు. ఎనిమిది యాభై రెండు. ఆడమనిషి, విదేశీ యాస, భర్త పడిపోయాడు. ఆ పక్క గడిలో, ఫైరు నంబరు బిజీ, మళ్ళీ చేశాం. మళ్ళీ బిజీ. ఫైరుకి అందించింది ఎనిమిది యాభై ఎనిమిది.

నేను చదివాను. మెషీన్లో కొత్త కాగితం ఎక్కించి, ఆ పేజీ మొత్తం మొదటినుంచీ టైపు చేశాను. ఆ రోజు మా సంగతికి ముందు తప్పిపోయిన కుక్క ఒకటి ఉంది, తర్వాత కాలవలోకి జారిన కారు ఒకటి ఉంది. అవీ చేశాను. తప్పులు లేవు.

సాయంత్రం ఇంటికి వెళ్తూ హార్డ్‌వేర్ షాపు ముందు కారాపాను. చీఫ్ ఎవరికో తాళం చెవి కోసి ఇస్తున్నారు. ఆ మనిషి వెళ్ళేదాకా మేకుల డబ్బాల దగ్గర నిలబడ్డాను.

"మీరు వచ్చేసరికి ఆయన ఉన్నారా, పోయారా?" అని అడిగాను. అయిదేళ్ళయింది. ఎవరి గురించి అని ఆయన అడగలేదు.

"గుండె ఆడటం లేదు," అన్నారు.

"నా ఏడు నిమిషాలు నేను పోగొట్టాను. వాళ్ళ ఆరు నిమిషాలు వాళ్ళు పోగొట్టారు. రాసి ఉంది, ఇవాళ చూశాను. ఏ ఒక్కటి మిగిలినా బతికేవారా?"

ఆయన చేతులకి అంటిన ఇత్తడి పొడి దులుపుకున్నారు. నేను మంచిమాటేదో చెబుతారనుకున్నాను. అందరూ చెప్పేవాళ్ళు, నీ తప్పేం లేదు, దేవుడి చిత్తం అని.

"నాకు తెలీదమ్మా," అన్నారు. "చాలాసార్లు ఆలోచించాను. నాకు నిజంగా తెలీదు."

ఇంటికెళ్ళి అన్నం వండాను. అంతవరకు నాకెవరూ అంత సరైన మాట చెప్పలేదు. కానీ ఏడుపు రాలేదు.

ఆ శరదృతువులో బిల్డింగు మళ్ళీ ఓటుకి వచ్చింది. ఈసారి ఎవరూ లేచి మాట్లాడాల్సిన అవసరం రాలేదు. ఒక మనిషి చావుతో కాని పని, బేస్‌మెంట్‌లో మోకాలి లోతు నీళ్ళతో అయింది. మొదట గీసినదానికంటే చిన్నది, చెట్లు లేవు. పట్టాలకి ఇవతల, చిక్కుడు చేలో కట్టారు. ప్రారంభం రోజు శనివారం. ఊరందరికీ హాట్‌డాగులు పెట్టారు. ముసలి రైతు కూడా వచ్చాడు. రెండు హాట్‌డాగులు తిని, కొత్త ఇంజన్ల చుట్టూ తిరిగి, నా దగ్గరికొచ్చి, "కాంక్రీటు నేల బాగా పోశారు. నీళ్ళు నిలవవు," అన్నాడు. పక్కింటావిడ నా పక్కకి వచ్చి నిలబడింది. ఇద్దరం ఇంజన్ల వంక చూస్తూ ఉన్నాం. "మీ అమ్మాయి నా అంత ఎత్తయింది," అంది. "అవును, బట్టలు సరిపోవడం లేదు," అన్నాను. మా మధ్య అంతకంటే మాటలు అక్కర్లేకపోయాయి. తర్వాతి వారం నుంచి మళ్ళీ వంటింట్లోకి వచ్చి కూర్చునేది.

మధ్యలో ఉన్న టెలిఫోన్ల గదిలో పగటి డ్యూటీకి మనిషి కావాలంటే చీఫ్ నా పేరు చెప్పారు. యాస సంగతి ఏమిటని ఎవరో అడిగితే, "నాకు ఆవిడ మాట ఎప్పుడూ అర్థమవుతూనే ఉంది," అన్నారట. మా అమ్మాయి మాత్రం, "అమ్మా, నువ్వు పోలీసా?" అని నవ్వింది. అలా నేను ఊళ్ళోవాళ్ళ ఫోన్లు ఎత్తే మనిషినయ్యాను. గ్యారేజీలో పొగ, పొయ్యి మీద నూనె, మెట్ల మీద జారిపడిన తాతగారు. అవతలివాళ్ళు ఎంత అరిచినా నా గొంతు వణికేది కాదు. ఎక్కడ, ఎవరు, ఊపిరి ఆడుతోందా, తలుపు తీసి పెట్టండి, వస్తున్నారు. అందరూ దాన్ని నిబ్బరం అనుకున్నారు. కొత్తగా చేరినవాళ్ళని నా పక్కన కూర్చోబెట్టి, ఆవిడలా మాట్లాడాలి అని చెప్పేవాళ్ళు. లోపల ఏమీ కదలకపోవడం కూడా ఉద్యోగానికి పనికొస్తుందని నేను వాళ్ళకి చెప్పలేదు.

ఒకే కప్పు కిందికి వచ్చారు గానీ పోలీసులకీ ఫైరువాళ్ళకీ పడేది కాదు. కార్లు ఎక్కడ పెట్టాలని గొడవ, కాఫీ ఎవరు కాయాలని గొడవ. భోజనాల గది ఒక్కటే, ఫ్రిజ్ ఒక్కటే. ఆ ఫ్రిజ్‌లో నా టిఫిన్ డబ్బా పక్కన ఒక మాగాయ సీసా పెట్టుకునేదాన్ని. ఇండియా నుంచి ఎవరో వస్తుంటే మా అత్తగారు పంపినది, అడుగున కొంచెం మిగిలింది. రెండేళ్ళు జాగ్రత్తగా వాడుకున్నాను. ఒక మధ్యాహ్నం వెళ్ళి చూస్తే సీసా లేదు.

"ఇక్కడ నా సీసా ఉండాలి," అన్నాను. గదిలో అయిదారుగురు భోజనం చేస్తున్నారు, అటువాళ్ళు అటు, ఇటువాళ్ళు ఇటు.

"ఎర్రగా ఉన్నదా? అది పాడైపోయింది కదా. వాసనొస్తుంటే పారేశాను," అన్నాడు ఒక పోలీసు సార్జెంటు, మంచిపని చేసినవాడిలా.

నాకు ఏమైందో తెలియదు. మెడ దగ్గర మొదలై మొహమంతా వేడెక్కింది. "నీకేం హక్కుందిరా? ఎవరిదనుకుని ముట్టుకున్నావు? పాడైపోయిందా? నీ ముక్కు పాడైపోయింది!" అని అరిచాను. అంతా తెలుగులో. ఆరడుగుల మనిషి చేతిలో శాండ్‌విచ్ పట్టుకుని నోరు తెరుచుకుని ఉండిపోయాడు. నేను ఆపలేదు. ఆ సీసా గురించి మొదలుపెట్టినదాన్ని ఎక్కడెక్కడికో వెళ్ళాను. బిజీ ఫోను గురించి, గూడ్సు బండి గురించి, కుళాయి గురించి. వాళ్ళకి ఒక్క ముక్క అర్థం కాలేదు, అదే మంచిదైంది. గుమ్మంలో చీఫ్ నిలబడి ఉన్నారు. ఆయన నన్ను ఆపలేదు.

సార్జెంటు లేచి బయటికి వెళ్ళాడు. పావుగంట తర్వాత యూనిఫామ్ మోకాళ్ళ దగ్గర మట్టితో వచ్చాడు. పెద్ద చెత్త డబ్బాలోకి దిగి వెతికాడట. సీసా మూత మూసే ఉంది. కడిగి, తుడిచి, నా ముందు పెట్టి, "క్షమించండమ్మా," అన్నాడు. వాళ్ళందరి ఎదుటా అన్నంలో మాగాయ కలుపుకుని చేత్తో తిన్నాను. కారానికో ఎందుకో కళ్ళలోంచి నీళ్ళు కారాయి. తుడుచుకోలేదు, తినడం ఆపలేదు.

సాయంత్రం మా అమ్మాయి గుమ్మంలోనే అడిగింది. "అమ్మా, నీ వాయిస్‌కి ఏమైంది?"

"అరిచాను."

"నువ్వా? ఎవరి మీద?"

"పోలీసుల మీద."

అది పుస్తకాల సంచీ కింద పడేసి పొట్ట పట్టుకుని నవ్వింది. నవ్వి నవ్వి, నా మొహం చూసి ఆగింది. "మొత్తం చెప్పు, అమ్మా. ఫస్ట్ నుంచి," అంది.

పొయ్యి కట్టేసి, అమ్మాయి ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుని, మొదటినుంచీ చెప్పాను.